ఇద్దరు టీచర్లు, 41 మంది పిల్లలు, ఒక వేపచెట్టు: ఆటల పీరియడ్ ఎలా నడపాలి?

సుద్దముక్క · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 41 మంది పిల్లలు. నేనూ, మా హెచ్‌ఎం గారూ, అంతే. టైంటేబుల్లో రోజూ చివరి పీరియడ్ ఆటలు. ఇన్నాళ్లూ ఆ పీరియడ్‌లో నేను చేసింది ఏమిటో దాచకుండా చెప్తాను. "పోండి, ఆడుకోండి" అని వదిలేసి, వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని నోట్సులు దిద్దుకోవడం.

మొన్న శుక్రవారం ఎర్ర పెన్ను అయిపోయింది. చేతిలో పని లేక పిల్లల్ని చూస్తూ కూర్చున్నా. బ్యాటు ఒకటే, అది ఐదో తరగతి వాళ్లది. ఆరుగురు ఆడుతున్నారు. పదిమంది దాకా బంతి తెచ్చిచ్చే డ్యూటీలో ఉన్నారు. నలుగురు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల. మిగతా అందరూ నా చెట్టు కిందే. మూడో తరగతి పిల్లాడు ఒకడు, కాస్త బొద్దుగా ఉంటాడు, నా కుర్చీ పక్కన మట్టిలో పుల్లతో ఏదో గీస్తున్నాడు. "ఆడుకోవా నాన్నా?" అంటే "నన్ను ఎవురూ ఏసుకోరు టీచర్" అన్నాడు. ఏడుపుతో కాదు, అన్నం తిన్నాను అన్నంత మామూలుగా. వాడు ఒకటో తరగతి నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు. నేనే చూడలేదు.

మా బడికి పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు, లేరు. డీఎడ్‌లో వ్యాయామ విద్య చదివాను, పరీక్ష రాశాను, మర్చిపోయాను. నాకు 43 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. బీరువాలో ఉన్నవి: స్కిప్పింగ్ తాళ్లు 3, టెన్నికాయిట్ (తాడుకు అటూ ఇటూ రబ్బరు రింగు విసిరి పట్టుకునే ఆట) రింగులు 2, గాలి పోయిన ఫుట్‌బాల్ 1, క్యారమ్ బోర్డు (కాయిన్లు 11). ఏం చేయమంటారు?

---

విజిల్ · సోమవారం, రాత్రి 10:05

ముందు ఆ కుర్చీ తీసేయండి మేడం :)

నేను నల్గొండ వైపు జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. ప్రాథమిక బడికి మా పోస్టు ఎందుకు రాదంటే, విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వందకు మించితేనే. ఆటస్థలం, ఆట వస్తువులు మాత్రం ఒకటో తరగతికీ ఉండాలి. అంటే బంతి ఇస్తారు, పట్టుకోవడం నేర్పేవాళ్లను ఇవ్వరు. మా దగ్గరికి ఆరో తరగతిలో వచ్చే పిల్లల్లో చాలామందికి భుజం మీదుగా బంతి విసరడం రాదు. ఎడమ కాలు ముందుకు వేసి కుడి చేత్తో విసరాలన్నది ఆరేడేళ్లప్పుడు పట్టుబడాల్సిన సంగతి. పదకొండేళ్లకు వాడు సిగ్గుపడతాడు, ప్రయత్నించడు. మీ పని నా పని కంటే పెద్దది.

ఒక్క లెక్క గుర్తు పెట్టుకోండి. పీరియడ్‌లో ఏ క్షణాన చూసినా సగం మందికి పైగా కదులుతూ ఉండాలి. ఆరుగురు ఆడి 35 మంది చూస్తే అది మ్యాచ్ అవుతుంది గానీ క్లాసు కాదు. క్రికెట్ మీద నాకు కోపం లేదు, నేనూ ఆదివారం ఆడతాను. కానీ 41 మందికి ఒక బ్యాటు అంటే 40 మందికి సెలవు.

---

ఇద్దరు పిల్లల తండ్రి · సోమవారం, రాత్రి 10:48

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మావాడు ఏడో తరగతి. బడి ఒక కాంప్లెక్సులో మూడు అంతస్తులు. గ్రౌండ్ అంటే టెర్రస్. వారానికి ఒక పీటీ పీరియడ్, అది కూడా పరీక్షల ముందు లెక్కల సార్ తీసుకుంటారు. ఇది చదివాక మా బడిని తిడతానని మీరు అనుకుంటారు. నిజం చెప్పాలంటే నాకెప్పుడూ కోపం రాలేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సు అంటున్నారు, ఫీజు కట్టేది దానికోసమే. ఆటలాడి ఎంతమంది బాగుపడ్డారు చెప్పండి? లక్షలో ఒకరు. మిగతావాళ్లు ఇంటికొచ్చాక ఆడుకుంటే సరిపోదా?

---

ఖోఖో అక్క · సోమవారం, రాత్రి 11:10

అన్నా, ఇంటికొచ్చాక ఎక్కడ ఆడుతున్నాడు మీవాడు? అడుగుతున్నాను, ఎత్తిపొడుపు కాదు.

---

ఇద్దరు పిల్లల తండ్రి · సోమవారం, రాత్రి 11:14

ట్యూషన్ ఉంటుంది. ఆదివారం పార్కింగ్‌లో సైకిల్. ఆదివారం కూడా ఈ మధ్య లేదు.

---

రిటైర్డ్ డ్రిల్లు · మంగళవారం, ఉదయం 5:30

(అవును, ఈ వేళకే లేస్తాను. అలవాటు.)

విజయనగరంలో 34 ఏళ్లు డ్రిల్ మాస్టారుగా చేసి దిగిపోయాను. మా వైపు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు తెలియని వాళ్లుండరు. గుండె మీద ఏనుగును ఎక్కించుకున్న మనిషి. ఆయనా మొదట్లో బడి పిల్లలకు వ్యాయామం నేర్పినవాడే. ఆ గర్వంతోనే ఈ ఉద్యోగంలో చేరాను. చేరాక నాకిచ్చిన పనులేమిటి? ప్రార్థనలో వరసలు సరిచేయడం, ఆగస్టు 15కి కవాతు, అల్లరి చేసినవాడిని పట్టుకురావడం. సావధాన్, విశ్రామ్. లెజీములు (గలగలలాడే బిళ్లలు కట్టిన కర్రలు) ఆడించేవాణ్ణి, అది మాత్రం పిల్లలకు భలే ఇష్టం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆలస్యంగా వచ్చినవాడికి గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు, హోంవర్కు చేయనివాడికి యాభై గుంజీలు వేయించాను. ఒకరిద్దరికి కాదు, కొన్ని వందల మందికి. పరుగంటే శిక్ష అని నేనే నేర్పాను. ఇప్పుడు ఆ పిల్లలు యాభై ఏళ్ల వాళ్లయి, షుగరు వచ్చి, డాక్టరు నడవమంటే నడవరు. బజార్లో కనబడితే "మాస్టారూ, మీ గుంజీలు ఇంకా గుర్తే" అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

టీచరమ్మా, మీరేం చేసినా పరుగును మాత్రం శిక్షగా వాడకండి.

---

ఫిజియో బెజవాడ · మంగళవారం, ఉదయం 8:20

మాస్టారి మాటకు ఒక వైద్యపు ముక్క కలుపుతాను. అలవాటు లేని పిల్లాడి చేత ఒకేసారి వందేసి గుంజీలు, కప్పగంతులు వేయిస్తే తొడ కండరాలు దెబ్బతిని, ఆ కండరాల్లోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. మర్నాడు కాళ్లు వాచి, మూత్రం కోకాకోలా రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పైగా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలకు శారీరక శిక్ష నిషేధం. గుంజీళ్లను "వ్యాయామమే కదా" అని సమర్థించుకోవడానికి వీల్లేదు.

కూకట్‌పల్లి సోదరులకు: 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు, ఆయాసం వచ్చేంతగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో మూడు రోజులైనా ఎముకలకు, కండరాలకు పని పడాలి, అంటే గెంతడం, ఎక్కడం, పరిగెత్తడం. ఎముకలకు గట్టిదనం ఎక్కువగా చేరేది ఎదిగే వయసులోనే. ఆ కాలం ట్యూషన్‌లో పోతే తర్వాత కాల్షియం మాత్రలతో పూర్తిగా పూడదు.

---

విజిల్ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

లంచ్‌లో రాస్తున్నాను. సుద్దముక్క మేడంకు అసలు సంగతి.

మీకు కావాల్సింది మొదట బంతులు, 41. కొనక్కర్లేదు. పాత గుడ్డ పేలికలు గట్టిగా ఉండచుట్టి, పాత సైకిల్ ట్యూబును అర అంగుళం రింగులుగా కత్తిరించి, ఆ రింగులు నాలుగు వైపుల నుంచీ పైన బిగించండి. చక్కటి బంతి అవుతుంది, తగిలినా దెబ్బ తగలదు. పంక్చర్ షాపులో ట్యూబులు ఊరికే ఇస్తారు. నాలుగు, ఐదు తరగతుల వాళ్లే ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. కత్తెర మీ దగ్గర ఉంచుకోండి.

ఒకటి రెండు తరగతుల వాళ్లకు జట్లు, రూల్సు వద్దు. ఆరేళ్లవాడికి బంతి వేస్తే కళ్లు మూసుకుని మొహం తిప్పేస్తాడు. అది పిరికితనం కాదు, వేగంగా వచ్చేదాన్ని అంచనా వేయడం ఇంకా రాలేదు. ముందు తనే పైకి వేసుకుని తనే పట్టుకోవాలి. తర్వాత వేసి, ఒక చప్పట్టు కొట్టి పట్టుకోవాలి. తర్వాత రెండు చప్పట్లు. ఈ ఒక్క ఆటతో పది రోజులు గడుస్తాయి, ఎవరి రికార్డు వాళ్లే బద్దలు కొట్టుకుంటారు. కుంటుతూ గెంతడం, గీత మీద నడవడం, విజిల్ వేయగానే ఆగిపోవడం. ఆగడం కూడా విద్యే మేడం, సగం దెబ్బలు ఆగడం రాక తగిలేవే.

మూడు నుంచి ఐదు వాళ్లకు ఏడుపెంకులాట, నేల-బండ, దస్తీబిస్తీ (మీ వైపు రుమాలాట అంటారేమో). జట్టు ఐదారుగురికి మించనివ్వకండి. నాలుగు చోట్ల నాలుగు ఆటలు నడవాలి. మీరు మధ్యలో నిలబడాలి. మోకాలి నొప్పి ఉన్నా నిలబడొచ్చు, మీరు పరిగెత్తక్కర్లేదు.

"అవుట్" అనే మాట ఒక నెల పక్కన పెట్టండి. కుర్చీలాటలో మొదట అవుటయ్యేది ఎవరు? మీ బొద్దు పిల్లాడే. ఎవరికి ఎక్కువ ఆట కావాలో వాడికే తక్కువ దొరుకుతుంది. అవుటైనవాడు చెట్టు దాకా వెళ్లి, ముట్టుకుని, ఐదు గెంతులు వేసి మళ్లీ ఆటలోకి రావాలి. అంతే రూలు.

ఇక జట్లు వేసేటప్పుడు ఇద్దరు లీడర్లను నిలబెట్టి "కోరుకోండి" అనడం. దయచేసి ఎప్పుడూ చేయొద్దు. ఆఖర్న మిగిలినవాడి మొహం ఒకసారి చూడండి, మీకే అర్థమవుతుంది. నెలల వారీగా వేయండి. జనవరి నుంచి జూన్ దాకా పుట్టినవాళ్లు ఇటు, మిగతావాళ్లు అటు.

---

సుద్దముక్క · మంగళవారం, రాత్రి 8:30

విజిల్ గారూ, ఇవాళే ఇద్దరు పిల్లల్ని పంక్చర్ షాపుకు పంపాను. ఒక సంచి నిండా ట్యూబులు. మా హెచ్‌ఎం గారు చూసి "ఏంటమ్మా, షాపు పెడుతున్నావా" అన్నారు.

ఇంకో ప్రశ్న. నాలుగో తరగతిలో ఒక పాపకు పుట్టుకతో ఒక కాలు సన్నం, కుంటుతూ నడుస్తుంది. ఆటల్లో ఎప్పుడూ స్కోరు రాయిస్తున్నాం. అది తప్పా?

---

ఖోఖో అక్క · మంగళవారం, రాత్రి 9:25

స్కోరు రాయడం తప్పు కాదు, రోజూ ఆ పాపే రాయడం తప్పు. వంతులవారీగా అందరితో రాయించండి.

ఖోఖో ఉంది చూశారా, దాన్ని మార్చుకోవచ్చు. అసలు ఆటలో ఎనిమిది మంది కూర్చుంటే తొమ్మిదో మనిషి తరుముతాడు. మీకు అంత పెద్ద కోర్టు అక్కర్లేదు, ఐదుగురిని కూర్చోబెట్టండి, సందు తగ్గించండి. ఆ పాప వంతు వచ్చినప్పుడు పారిపోయేవాళ్లు కుంటాలి. అందరికీ నవ్వులాట, ఆ పాపకు సమానమైన ఆట. రింగు విసరడం, గురి చూసి కొట్టడం కూర్చుని కూడా ఆడొచ్చు. ఏ ఆట ఆడాలనేది ముందు ఆ పాపనే అడగండి. మనం జాలిపడి పెట్టే రూల్సు పిల్లలకు తెలిసిపోతాయి.

వరంగల్ వైపు కల్లెడ నుంచి వచ్చిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. ఊళ్లో వెక్కిరింపులు పడిన పిల్ల. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. పతకం మాట అటుంచండి, ఆ రోజు ఆమె చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే?

---

ఫ్రిస్కో అమ్మ · బుధవారం, ఉదయం 7:05

టెక్సస్ నుంచి. మా పాప మూడో గ్రేడు, బాబు ఏడు. ఇక్కడ రాష్ట్ర చట్టంలోనే ఉంది: ఐదో గ్రేడు దాకా రోజుకు కనీసం 30 నిమిషాలు, లేదా వారానికి 135 నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిది వరకు కనీసం నాలుగు సెమిస్టర్లు. మూడో గ్రేడు నుంచి ఏటా ఫిట్‌నెస్‌గ్రామ్ అని పరీక్ష, అందులో బీప్ మోగేలోగా 20 మీటర్లు అటూ ఇటూ పరిగెత్తడం ఒకటి.

ఇక్కడంతా బంగారం అని చెప్పడానికి రాయలేదు. బీప్ పరుగులో మావాడు అందరి ముందూ మొదట ఆగిపోయి, తర్వాతి ఏడాది ఆ రోజున కడుపునొప్పి అన్నాడు. నాకది వెంటనే అర్థమైంది, ఎందుకంటే గుంటూరులో చదువుకున్నప్పుడు స్పోర్ట్స్ డే రోజున నాకూ అదే కడుపునొప్పి వచ్చేది. పరీక్ష పెట్టినా ఫలితం పిల్లాడి చెవిలోనే చెప్పాలి.

ఒకటి మాత్రం నచ్చింది. పాప క్లాసులో ఎవరి బంతి వాళ్లకుంటుంది. ఒక బంతి కోసం లైన్లో నిలబడడం నేను చూడలేదు.

---

విజిల్ · బుధవారం, మధ్యాహ్నం 1:20

మన దగ్గరా ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలున్నాయి. ఒకటి నుంచి మూడు తరగతులకు ఎత్తు-బరువు లెక్క, ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగో, ఒక చేత్తో రెండు పళ్లేలను 25 సార్లు అటూ ఇటూ తట్టే పరీక్ష. నాలుగు నుంచి 50 మీటర్లు, 600 మీటర్లు, కూర్చుని ముందుకు వంగడం, పొట్ట కండరాలకు కర్ల్‌అప్‌లు, పుషప్‌లు. ఇవి మంచివే, యాప్‌లో అంకెలు ఎక్కించడం కోసం పెట్టినప్పుడే పాడవుతాయి. ఒకే రోజు వందమందికి పెట్టి, పదిమందిని పరిగెత్తించి, మిగతా 90 ఊహించి రాసిన బడులున్నాయి. పేర్లు వద్దు.

మేడం, మీ గ్రౌండ్ చుట్టూ తాడుతో కొలవండి. 120 మీటర్లయితే ఐదు చుట్లు 600. పరుగెత్తలేనివాళ్లు నడవొచ్చు, పరీక్షలో కూడా నడకకు అనుమతి ఉంది.

---

ఇద్దరు పిల్లల తండ్రి · గురువారం, రాత్రి 10:30

నిన్న రాత్రి ఇవన్నీ చదివి, ఇవాళ పొద్దున్నే మావాడిని కాలనీ పార్కుకు తీసుకెళ్లాను. 600 మీటర్లు చూద్దాం అని. రెండో రౌండుకే వాడు బెంచీ మీద కూలబడ్డాడు. నవ్వుదామంటే నేను మొదటి రౌండులోనే ఆగిపోయాను.

వాడికి మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు. బుడిపెలా ఉంది. భయపడాలా?

---

ఫిజియో బెజవాడ · గురువారం, రాత్రి 11:00

ఫోరంలో చూసి జబ్బు చెప్పకూడదు, ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించండి. కానీ పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఎత్తు జోరుగా పెరిగే పిల్లల్లో అక్కడ నొప్పి, బుడిపె మామూలే. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. తొడ కండరం లాగే చోట ఎముక ఇంకా మెత్తగా ఉండడం వల్ల వస్తుంది. మడమలో వస్తే సీవర్స్. కొన్ని వారాలు గెంతులు, గుంజీల లాంటివి తగ్గించి, నడక, ఈత, సైకిల్ కొనసాగించవచ్చు. పూర్తిగా మంచం ఎక్కించొద్దు. రాత్రి నిద్రలో లేపేంత నొప్పి, వాపు, జ్వరం, కుంటడం ఉంటే ఆలస్యం చేయకండి.

టీచర్లకు ఇంకో మాట. మీ క్లాసులో ఉబ్బసం ఉన్న పిల్లలెవరో తెలుసుకోండి. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, గ్రౌండ్‌లో మీ దగ్గర ఉండాలి. పరిగెడుతూ స్పృహ తప్పినవాడిని "ఎండకు తల తిరిగింది" అని వదిలేయకుండా గుండె పరీక్ష చేయించాలి. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే పిల్లలూ ఉంటారు, వాళ్లను మొదటి పీరియడ్‌లో పరిగెత్తించొద్దు. మధ్యాహ్నం అన్నం, గుడ్డు తిన్న వెంటనే కూడా వద్దు.

---

ఖోఖో అక్క · శుక్రవారం, రాత్రి 9:50

ఇక్కడ అందరూ మగపిల్లల గురించే మాట్లాడుతున్నారు, కాబట్టి రాస్తున్నాను. కరీంనగర్ వైపు ఉన్నత పాఠశాలలో చేస్తాను. ఆరో తరగతిలో నా గ్రౌండ్ నిండా ఆడపిల్లలే. ఎనిమిదికి వచ్చేసరికి సగం మంది గోడవారన. కారణం అడిగితే "వద్దు టీచర్" అంటారు. అసలు కారణాలు నాలుగైదు. చున్నీ జారుతుందని. గ్రౌండ్ కాంపౌండ్ పక్కన పెద్ద పిల్లలు నిలబడి చూస్తారని. డేట్ వచ్చిందని. పరిగెడితే ఒళ్లు కదులుతుందని ఎవరో ఏదో అన్నారని. ఇంట్లో "నల్లబడతావు" అన్నారని.

నేను చేసినవి పెద్దవేం కాదు. డ్రెస్సు కింద ట్రాక్ ప్యాంటుకు హెచ్‌ఎంను ఒప్పించాను. ఆడపిల్లల ఆటల పీరియడ్ అప్పుడు ఆ గోడ వైపు ఎవరూ ఉండకుండా చూస్తాను. "ఇవాళ ఆడను" అని ఎవరన్నా కారణం అడగను, కానీ ఊరికే కూర్చోనివ్వను, విజిల్ ఇచ్చి అంపైర్ చేస్తాను. విజిల్ చేతికొస్తే చాలామంది పది నిమిషాల్లో ఆటలోకి వచ్చేస్తారు. ఇంకా టెన్నికాయిట్. మీ బీరువాలోని రెండు రింగులు బంగారం సుద్దముక్క గారూ. రెండు కర్రలు పాతి, తాడు కట్టి మొదలుపెట్టండి. తాకిడి లేదు, తోపులాట లేదు, చున్నీ నడుముకు కట్టుకుని కూడా ఆడొచ్చు. మా అమ్మ 1970ల్లో హాస్టల్లో ఆడింది.

---

రిటైర్డ్ డ్రిల్లు · శనివారం, ఉదయం 5:25

చాలా బాగా చెప్పావమ్మా. మా రోజుల్లో ఆడపిల్లలకు డ్రిల్ పీరియడ్‌లో కుట్లు, అల్లికలు పెట్టేవారు. నేనూ అభ్యంతరం చెప్పలేదు.

---

సుద్దముక్క · మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:15

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. గొప్పగా ఏమీ జరగలేదు.

బంతులు 38 అయ్యాయి, రెండు బావిలో పడ్డాయి. మొదటి మూడు రోజులు గోలగోల. ఐదో తరగతి వాళ్లు నా మీద అలిగారు, వాళ్ల బ్యాటు సోమవారం, గురువారానికే పరిమితం చేసినందుకు. ఒకడి నాన్న వచ్చి "ఈ గుడ్డ బంతులేంటి టీచరమ్మా, చిన్నపిల్లలాటలు" అన్నాడు. ఆయన చేతిలోనే ఒకటి పెట్టి రెండు చప్పట్లు కొట్టి పట్టుకోమన్నాను. పట్టుకోలేదు. పిల్లలు ఈల వేశారు.

కాలు సన్నమున్న పాపను అడిగాను, ఏ ఆట ఇష్టమని. "రింగు" అంది. తాడుకు అవతల కూర్చుని ఆడుతుంది. ఎడమ చేత్తో కోసి వేస్తుంది, ఎవరికీ అందదు.

బొద్దు పిల్లాడు ఇంకా అందరికంటే వెనకే పరిగెడతాడు. మొదటి వారం రెండు సార్లు చెట్టు కిందికి వెళ్లిపోయాడు, నేను పిలవలేదు. కానీ గురి ఉంది వాడికి. ఏడుపెంకులాటలో మొదటి దెబ్బకే పెంకులు కూల్చేస్తాడు. నిన్న రెండు జట్లు వాడికోసం పోట్లాడుకున్నాయి, నెలల వారీ రూలు గుర్తు చేసి విడదీయాల్సి వచ్చింది.

నోట్సులు ఇంట్లో దిద్దుకుంటున్నాను. అది మాత్రం భారంగానే ఉంది. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలైతే చివరి పీరియడ్ మిట్టమధ్యాహ్నం ఎండలో పడుతుంది, అప్పుడు మొదటి గంటకు మార్చమని హెచ్‌ఎం గారిని అడిగాను. చూద్దాం అన్నారు. ఖాళీ కడుపుల సంగతి కూడా అప్పుడు చూసుకోవాలి.

చివరిగా ఒక్కటి. ఆ ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పిన్ను మా ఊళ్లో దొరకలేదు. మార్కాపురంలో ఎక్కడ అడగాలి?

---

విజిల్ · శనివారం, రాత్రి 9:40

పెద్ద సైకిల్ షాపులో అడగండి, లేకపోతే స్పోర్ట్స్ షాపులో ఉంటుంది. పిన్ను గుచ్చే ముందు కొబ్బరినూనె రాయండి, పొడిగా గుచ్చితే వాల్వు చిరుగుతుంది. గాలి కొంచెం తక్కువే ఉంచండి, ఒకటో తరగతి వాళ్లు కూడా తన్నాలి కదా.

---

ఇద్దరు పిల్లల తండ్రి · శనివారం, రాత్రి 10:20

మోకాలికి డాక్టర్ ఫిజియో గారు చెప్పిన మాటే అన్నారు. రోజూ పొద్దున్న నడుస్తున్నాం, ఇద్దరం. లెక్కల సార్‌తో ఇంకా మాట్లాడలేదు. పేరెంట్స్ మీటింగ్ వచ్చే శనివారం.